దర్వాజ నవ్వొద్దన్న చిన్నమ్మ

నేను చేసిన దర్వాజ పెట్టించుకున్న ఇంటికి కిటికీలు అక్కర్లేదు. గాలి, వెలుతురు, పక్కింటోళ్ల ముచ్చట్లు, అన్నీ దర్వాజ సందులకెళ్లే వస్తయ్. ఈ మాట నాది కాదు, మా మామది. నేను దానికి కొంచెం పాలిష్ కొట్టి చెప్తున్న, అంతే. కట్టె పని చేసే వడ్లోళ్ల ఇంట్ల పుట్టిన, వడ్లోళ్ల పిల్లనే చేసుకున్న, దూలపల్లిల సొంత షెడ్డు పెట్టుకున్న. జీవితంల అన్నీ కుదిరినయ్, కట్టెకు కట్టె తప్ప. సదువు కూడ గట్లనే. ఏడో తరగతిల లెక్కల సారు, "నీకూ లెక్కలకూ నడుమ మస్తు సందు ఉందిరా" అన్నడు. ఆ సందులకెళ్లే బయటికొచ్చిన, మల్ల లోపటికి పోలె.

పోయిన నెల సుచిత్ర చౌరస్తా కాడి ఒక అపార్ట్‌మెంట్ నుంచి ఫోనొచ్చింది. ఎప్పుడో నేను పెట్టిన పడకింటి దర్వాజకు బీడింగ్ ఇడ్సిందట. బీడింగ్ అంటె తెలువనోళ్లకు చెప్త: దర్వాజ బిగించే చౌకట్‌కూ గోడకూ నడుమ అతుకు కనపడకుంట చుట్టూ కొట్టే సన్నటి కట్టె పట్టీ. దాన్ని కనిపెట్టినోడు ఎవడో గాని నా అసొంటోడే అయ్యుంటడు. ఒక సందును కప్పెతందుకు పట్టీ కొట్టిండు, ఆ పట్టీకీ చౌకట్‌కూ నడుమ ఇంకో సందు పుట్టింది. ఇగ దాన్ని లప్పంతోని నింపాలె.

పోయి స్టూల్ ఎక్కిన. పైపట్టీ మీద దుమ్ము తుడుద్దామని చెయ్యి పెడ్తె ఏందో తగిలింది. తీసి చూస్తె చిన్న ప్లాస్టిక్ కుంకుమ డబ్బీ. మూత తీసిన. లోపట గోధుమ రంగు పొడి. వాసన చూసిన. టేకు పొట్టు, కొంచెం ఎర్రటి జాజు మట్టి, చిటికెడు పొయ్యి మసి. స్టూల్ మీద నిలబడ్డోన్ని అట్లనే కూలబడ్డ.

"ఏమైందన్నా, తేలు గిట్ట ఉందా?" అన్నది కిందికెళ్లి ఆ ఇంటామె.

"లేదక్కా. మా చిన్నమ్మ ఉంది."

ఆమె నా దిక్కు ఒక తీరుగ చూసి, ఛాయ్ పెడ్తనని వంటింట్లకు పోయింది. నా పని అయ్యేదాంక ఆమె బయటికి రాలె. ఛాయ్ కూడ రాలె.

చిన్నమ్మ కాలం చేసి వానకాలం ఒకటి దాటింది. ఆ పొడిల తెల్ల జిగురు కలిపి బొటనవేలుతోని సందుల ఒత్తి, రేకుతోని సాపు చేసి, ఆరినంక చూసిన. ఏది కట్టెనో ఏది లప్పమో, పెట్టినోన్ని నాకే తెలువలె. నేను ఆ ఇంటి రంగు ఎప్పుడో మర్చిపోయిన. ఆ ఇంటోళ్లు నన్ను మర్చిపోవాలని మస్తు కోషిష్ చేసిన్రు. డబ్బీ మాత్రం ఏదీ మర్చిపోలె.

చిన్నమ్మ అంటె నాకు చుట్టం కాదు. మా షెడ్డు ఊడ్సుటానికి వచ్చిన మనిషి. పొట్టిది, సన్నది, అద్దాలకు దారం కట్టుకొని మెడల ఏసుకునేది. అంతకు ముందు మేడ్చల్ అంగడిల కూసొని ముగ్గు రంగులు అమ్మేదట. మోకాళ్లు నొస్తున్నయని ఆ కూసునే పని బంజేసి, ఈ వంగి ఊడ్సే పని పట్టుకున్నది. గిదేం లెక్క అని అడిగిన.

"కూసుంటె మోకాళ్లు యాదికొస్తయ్, వంగితె నడుము యాదికొస్తది. మార్చి మార్చి వాడుకోవాలె కొడుకా" అన్నది.

"నీది ఏ ఊరు చిన్నమ్మా?" అంటె, "ఏ ఊరి టేకైనా కోస్తె పొట్టే" అన్నది. ఆమె గురించి నాకు తెలిసిన చరిత్ర గంతే. అంతకంటె ఎక్కువ అడిగినప్పుడల్ల చీపురు నా కాళ్ల మీదికెళ్లి పోయేది.

ఊడ్సుడంటె అందరు ఊడ్సినట్టు కాదు. టేకు కోసిన కాడి పొట్టు ఒక డబ్బల, వేప పొట్టు ఒక డబ్బల, మద్ది ఒక డబ్బల. అన్నీ పాత మిఠాయి డబ్బలే. మీద రాత లేదు, రాయరాదు. మూత తీసి వాసన చూసి చెప్పేది. పాత చీర ముక్కతోని జల్లించి పిండి లెక్క చేసేది. నాకు నోరు ఊకుంటదా?

"చిన్నమ్మా, రవ్వ మంచిగ జల్లించినవ్. ఉప్మా ఎప్పుడు?"

"నువ్వు కోసిన దాంట్ల సగం దర్వాజ ఐతాంది, సగం పొట్టు ఐతాంది కొడుకా. దర్వాజ ఎట్లాగు పనికి రాదు. పొట్టన్న దాస్తున్న" అన్నది, తలెత్తకుంట.

పనోళ్లు నవ్విన నవ్వుకు రంపం ఆగింది. నా షెడ్డుల నన్ను గంత మాట అప్పటిదాంక ఎవ్వరూ అనలె. అనాలని అందరికీ ఉండేదని మాత్రం ఆ నవ్వు ఇన్నంక సమజైంది.

కొన్ని దినాలకు కొంపల్లి విల్లాకు పోవాల్సిన ఒక దర్వాజ తయారైంది. పై మూలకాడ చౌకట్ అతుకు కలువలె. పొద్దుగూకింది, రేపు చూద్దామని ఇడ్సిపెట్టి పోయిన. తెల్లారి వచ్చి చూస్తె సందు లేదు. ముందుగాల సంతోషపడ్డ, నిద్రల నా పనితనం పెరిగిందనుకున్న. తర్వాత అనుమానమొచ్చింది, దర్వాజ గిట్ట మారిందా అని. చుట్టూ తిరిగిన, వంగి చూసిన, టార్చి కొట్టి చూసిన. చిన్నమ్మ చీపురు పట్టుకొని నన్నే చూస్తాంది.

"ఏం పోగొట్టుకున్నవ్ కొడుకా?"

"సందు."

"ఎతుకు. దొరికితె చెప్పు, మల్ల నింపుత."

ఆ దినమే చీపురు వేరేటోళ్ల చేతికి పోయింది, లప్పం రేకు ఆమె చేతికి వచ్చింది. ఇచ్చింది నేనే అని చెప్పుకుంట గని, నిజానికి ఆమెనే తీసుకున్నది.

ఆమెకు రంగుల పేర్లన్నీ తిండి పేర్లే. "ఈ పట్టీ ఛాయ్ రంగు. పొద్దుగాలటి ఛాయ్ కాదు, మల్ల వేడి చేసిన ఛాయ్." "ఇది పెనం మీద మర్చిపోయిన జొన్నరొట్టె." "ఇది పచ్చిపులుసు, ఉల్లిగడ్డ ఇంక ఎయ్యలె." కొబ్బరి చిప్పల పొట్టు పోసుకొని, జాజు, పసుపు మట్టి, మసి చిటికెడు చిటికెడు కలుపుకుంట గీ మాటలే మాట్లాడేది. ఆమె రంగు కలుపుతాందంటె పనోళ్లకు ఆకలయ్యేది. అన్నం ఏళ కాకముందే సద్దులు ఇప్పేటోళ్లు. నేను పరేషాన్.

ఒకసారి పని జల్దీ అయితదని దుకాన్ల దొరికే లప్పం డబ్బ తెచ్చిన. మీద "టేకు రంగు" అని రాసుంది. చదివి ఇనిపించిన. నా సదువు గిట్లాంటి కాడ పనికొస్తది.

"టేకంటె ఒక్కటే రంగా?" అన్నది. "మనుషుల రంగు అని రాసి డబ్బ అమ్ముతె కొంటవా? నీ మొకానికి పెడ్తె మీ మామ మొకానికి కలుస్తదా?"

"మా మామ మొకానికి ఏదీ కలువది చిన్నమ్మా."

"గదే చెప్తున్న" అని ఆ డబ్బను తీసుకపోయి షెడ్డు కిటికీ రెక్క కొట్టుకోకుంట అడ్డం పెట్టింది. ఇప్పటికీ గక్కడనే ఉన్నది. మంచి బరువు.

సందు అనే మాట ఆమె నోట్లకెళ్లి ఎన్నడు రాలె. "దర్వాజ నవ్వుతాంది" అనేది. చిన్నదైతె "ముసిముసి నవ్వుతాంది" అని, పెద్దదైతె "పండ్లన్నీ బయటపెట్టింది" అని. "దర్వాజ నవ్వొద్దు కొడుకా. ఇంట్లోళ్లు నవ్వాలె. దర్వాజ నవ్విందంటె చేసినోన్ని చూసి నవ్వినట్టు."

"మంచిదే కద. నేను ఏడికి పోయినా నలుగురు నవ్వాలె."

"నువ్వు మనుషుల్ని నవ్విచ్చు. కట్టెను నవ్వియ్యకు."

ఇగ ఆమె బొటనవేలు ముచ్చట చెప్పాలె. కట్టె ఎండుగున్నప్పుడు ఒక రంగు, పాలిష్ పడ్డంక ఇంకో రంగు. ఏ రంగు తేలుతదో ముందే తెలువాలంటె తడి చేసి చూడాలె. అందరు నీళ్లు అద్దుతరు. ఆమె బొటనవేలు నాలుకకు తాకిచ్చి కట్టె మీద ముద్ర కొట్టినట్టు అద్దేది. తడిల రంగు తేలంగనే కండ్లు చిన్నగ చేసి, అది తనతోని ఏదో చెప్తున్నట్టు తలూపేది. గట్ల అద్ది అద్ది, జిగురు పట్టి, జాజు పట్టి, ఆ వేలి గీతలన్నీ పూడిపోయినయ్. రేషన్ దుకాన్ల మిషన్ మీద పెడ్తె పడలె. "అవ్వా, నీ వేలుకు గీతలే లేవు" అన్నడట డీలరు. "ఉన్నయ్ బిడ్డా, మంచిగ నింపిన" అన్నదట. చివరికి కండ్ల మిషన్ పెట్టి బియ్యం ఇచ్చిండు. ఆ ముచ్చట ఆమె షెడ్డుల వారం దినాలు చెప్పుకున్నది. వచ్చినోళ్లకల్ల వేలు చూపించింది. "సర్కారు మిషన్‌కే దొరుకలె నా పని. ఇగ ఇంటోళ్లకేం దొరుకుతది." గొప్పలు చెప్పుకునుట్ల ఆమెకు నేను సాటి రాను, మస్తు కోషిష్ చేసి చూసిన.

ఆ వేలు ఒకసారి మమ్ముల ఇరకాటంల పెట్టింది. శామీర్‌పేట దిక్కు ఒక ఇంట్ల దేవుని అర్ర దర్వాజ పెట్టినం. ఆ ఇంటాయన తల్లి మస్తు మడి మనిషి. కుర్చీ ఏసుకొని మా ఎదురుంగనే కూసున్నది, మేము మేకు కొట్టినా మంత్రం చదివినట్టు చూస్తాంది. చిన్నమ్మ చిప్పల రంగు కలిపి, అలవాటు కొద్ది బొటనవేలు నోటి దిక్కు లేపింది. నేను చూసిన. ఆ పెద్దామె గూడ చూసింది. దేవుని చౌకట్‌కు ఎంగిలి. వేలు పెదువుల కాడిదాంక పోయి, అక్కడ్నే ఆగింది. ఆ వేలునే అట్ల గాలిల నిలబెట్టి చిన్నమ్మ పెద్దామె దిక్కు తిరిగింది.

"అమ్మా, మీ ఇంట్ల తీర్థముందా? దేవుని దర్వాజ కద, ఉత్త నీళ్లు అద్దబుద్ధి ఐతలేదు."

పెద్దామె మొకం విచ్చుకున్నది. తులసి తీర్థం రాగి గిన్నెల స్వయంగ తెచ్చి పట్టుకొని నిలబడ్డది. చిన్నమ్మ వేలు ముంచి, అద్ది, తలూపి, పని చేసుకపోయింది. అక్కడికి ఆగుతె బాగుండు. పెద్దామెకు ఆ భక్తి మస్తు నచ్చి, ఇంట్ల అన్ని దర్వాజలకూ తీర్థమే అద్దాలన్నది. హాలుకు అద్దినం, పడకిండ్లకు అద్దినం. చివరికి స్నానాల గది కాడికి గూడ గిన్నె పట్టుకొని వచ్చింది.

"దీనికి వద్దమ్మా" అన్నది చిన్నమ్మ, "దీనికి నా ఎంగిలే ఎక్కువ." పెద్దామె కుర్చీల కూసొని కండ్లెంబడి నీళ్లొచ్చేదాంక నవ్వింది. మేము పోయేటప్పుడు చిన్నమ్మ అలవాటు ప్రకారం ప్రతి దర్వాజ మీద ఒక కుంకుమ డబ్బీ పెట్టింది. ఆ దర్వాజ రంగు పొడి, ఆ దర్వాజకే. "మల్ల నవ్వినప్పుడు పనికొస్తది" అనేది.

ఇగ మా మామ. ఆయన సిద్దిపేట దిక్కు పెద్ద వడ్లాయన. ఆయన అతికిన కట్టెల నడుమ కాయిదం గూడ దూరదు. నా పెండ్లయిన కొత్తల షెడ్డు ఎనక అర్రల కాపురం పెట్టి, దానికి నా చేత్తోని దర్వాజ చేసి, ఆయన్ని లోపటికి రమ్మన్న. ఆయన గడప కాడ నిలబడి మీదికెళ్లి కిందిదాంక చూసిండు.

"నా బిడ్డ ఇక్కడికెళ్లే కనపడ్తాంది. ఇగ లోపటికెందుకు" అని బయట మంచం మీద కూసున్నడు.

అప్పటికెళ్లి గదే కథ. వస్తడు, బయట కూసుంటడు, బిడ్డ ఇచ్చిన ఛాయ్ తాగుతడు, పోతడు. నా దర్వాజ కిందికెళ్లి లోపటికి రాలె, ఒక్కపూట అన్నం తినలె. నేను దీన్ని నలుగురిల చెప్పి నవ్విచ్చేటోన్ని. మా ఇంటామె మాత్రం ఆయన తాగిన గిలాస కడుక్కుంట నవ్వేది కాదు.

దేవరయాంజాల్‌ల సొంతిల్లు కట్టుకున్నప్పుడు ఆమె ఒక్కటే మాటన్నది. "ఈ దర్వాజ దాటి మా బాపు లోపటికి రావాలె, కూసొని అన్నం తినాలె. ఆయన మల్ల బయటనే కూసుంటె, నేను గూడ పోయి ఆయన పక్కన కూసుంట. నీ ఇల్లు నువ్వు చూసుకో."

వడ్లాయన ఇంటికి కట్టె ఏడికెళ్లి వస్తది? అందరి ఇండ్లల్ల మిగిలింది. చౌకట్ ఒక టేకు, పైపట్టీ ఇంకో టేకు, ఎడమ పక్క బీడింగ్ కొంపల్లి విల్లాది, కుడి పక్కది శామీర్‌పేట దేవుని అర్ర మిగులు. ఊపిరి బిగపట్టి కోసిన, నోరు గూడ మూసుకొని చేసిన. అయినా నవ్వింది. నాలుగు దిక్కుల నవ్వింది.

చిన్నమ్మ వచ్చి, అద్దాలు పెట్టుకొని చూసింది. "పెండ్లిల చుట్టాలందరు ఫొటో దిగినట్టున్నది కొడుకా. ఒక్కని మొకం ఒక్కనికి కలుస్తలేదు."

"నువ్వే కలుపాలె చిన్నమ్మా. ఎల్లుండి మా మామ వస్తడు. గోరుతోని గీకినా దొరుకొద్దు. ఆయన లోపటికి రాకుంటె మా ఇంటామె బయటికి పోతది."

పొద్దంత చిప్పలు ముందలేసుకొని కూసున్నది. నేను టెంటు, వంటోళ్ల పనుల మీద తిరిగి పొద్దుగూకంగ వచ్చి చూసిన. నా పానం పోయినంత పనైంది. ప్రతి సందూ నిండింది గని, ప్రతి సందూ కనపడ్తాంది. కట్టె కంటె ముదురు రంగు. దర్వాజకు నాలుగు దిక్కుల కాటుక పెట్టినట్టు. అన్ని ఇండ్లల్ల ఆమె ఒక పిసరు ముదురుగనే కలుపుతదని నాకు తెలుసు. ఇంటోళ్లకు కనపడదు. ఇది పిసరు కాదు.

"చిన్నమ్మా, కండ్లు గిట్ట మసకైనయా?"

"నా కండ్లు మంచిగున్నయ్. నీ కట్టె లేతగున్నది. తూర్పు దర్వాజ, పొద్దుగాలటి ఎండంత దీని మీదనే. రెండు మూడు ఎండకాలాలు తాగితె ఈ రకరకాల కట్టెలన్నీ ముదిరి ఒక్క రంగుకొస్తయ్. నేను పెట్టింది మట్టి, అది మారది. ఇయ్యాలటి కట్టెకు కలిపితె అప్పుడు తెల్లగ పండ్లు బయటపెడ్తది. అందుకే అప్పటి రంగు ఇప్పుడే పెట్టిన."

"మా మామ మూడు ఎండకాలాలు బయట నిలబడడు చిన్నమ్మా. ఎల్లుండే వస్తడు."

"ఈ దర్వాజ ఎవరికోసం? నీకా, మీ మామకా?"

"మా మామకే." అబద్ధమెందుకు, ఉన్నదే చెప్పిన.

"గట్లయితె గిదే రంగు" అని రేకు కడుక్కొని పోయింది.

అంత గీకేసి కొత్తది పెడ్దామని నేను రేకు పట్టుకున్న. మా ఇంటామె వచ్చి రేకు గుంజుకున్నది. "చిన్నమ్మ పెట్టింది ముట్టకు. నువ్వు ముట్టినవంటె ఉన్న కాడికి పోతది." నా మీద ఇంట్ల ఉన్న నమ్మకం గంత.

గృహప్రవేశం దినం పాలు పొంగినయ్, పూజ అయింది, బంతి మీద బంతి లేస్తాంది. అప్పుడొచ్చిండు మామ. సంచి కింద పెట్టిండు. అద్దాలు తీసి ధోతి కొసతోని తుడుచుకొని పెట్టుకున్నడు. దర్వాజ ముంగట నిలబడ్డడు. లోపట అన్నం తింటున్నోళ్లు గూడ తినుడు ఆపిన్రు. మా ఇంటామె చేతుల విస్తరి పట్టుకొని అటు పక్క నిలబడ్డది. ఆయన బయట, ఆమె లోపట, నడుమ నా దర్వాజ.

మామ గోరు పెట్టి ఒక గీత మీద మెల్లగ గీసిండు. "ఈ కాటుక ఎవరు పెట్టిన్రు?"

వాకిట్ల ఎల్లిపాయలు ఒలుచుకుంట కూసున్న చిన్నమ్మ లేచి, చేతులు కొంగుకు తుడుచుకుంట వచ్చింది. "నేనే పెట్టిన. ఏం?"

మామ ఆమెను చూసిండు. దర్వాజను చూసిండు. మల్ల ఆమెను చూసిండు. ఇగ తిడ్తడు అనుకున్న.

"ఏ యేడుకు కలిపినవ్?" అన్నడు.

"నువ్వు మల్ల వచ్చే యేడుకు."

"నేను రాకుంటె?"

"రాకుంటె ఇది కలిసిందో లేదో చెప్పేటోడే ఉండడు. నీ అల్లునికేం తెలుస్తది?"

నా ఇంట్ల, నా గృహప్రవేశం నాడు, నా చుట్టాలందరి ముంగట అన్నది. అందరికంటె గట్టిగ మామ నవ్విండు. ఆయన నవ్వుడు నేను అప్పటిదాంక చూడలె, పండ్లు మంచిగనే ఉన్నయ్. తర్వాత చౌకట్ పై అతుకు ఎట్లున్నదో చూద్దామని తల మీదికి లేపి, కింది నుంచి ఆ పట్టీని ఈ కొసకెళ్లి ఆ కొసదాంక చూసుకుంట ఒక్కొక్క అడుగు ఏసిండు. తప్పు ఎతుక్కుంట ఎతుక్కుంట గడప దాటిండు. దాటినట్టు ఆయనకే తెలువలె. తల దించేసరికి బిడ్డ ముంగట ఉన్నది, విస్తరి ముంగట ఉన్నది. కూసున్నడు. అన్నం తిన్నడు. సల్ల గూడ అడిగి పోయించుకున్నడు. మా ఇంటామె వడ్డించుకుంట కొంగుతోని మొకం తుడుచుకున్నది. పొగ వచ్చిందట. వంట వాకిట్ల, పొగ ఆడనే ఉన్నది.

ఆ ఎండకాలం దాటంగనే మామ చెప్పకుంట వచ్చిండు. సంచి దించకముందే దర్వాజ చూసిండు, తర్వాతనే బిడ్డను చూసిండు. "ఇంక ఉన్నది కొంచెం" అన్నడు. చిన్నమ్మకు కబురు పెట్టించిండు. ఇద్దరు గడపకు ఇటొకరు అటొకరు కూసొని, ఛాయ్ తాగుకుంట, ఎడమ పట్టీ ముందుగాల కలుస్తదా కుడి పట్టీనా అని కొట్లాడుకున్నరు. మామ ఎడమ దిక్కు కొంపల్లి పట్టీ అంటడు, చిన్నమ్మ కుడి దిక్కు దేవుని అర్ర పట్టీ అంటది. నేను నడుమ ఏదన్న అంటె ఇద్దరు ఒక్కటై నా మీద పడేటోళ్లు. వారం ఉండి పోయిండు. మల్ల యేడు మల్ల వచ్చిండు. మనుమరాలిని ఎత్తుకొని దానికి గూడ ఆ గీతలు చూపించి, "మీ నాయిన నవ్వులు" అని చెప్పిండు.

చిన్నమ్మ పోయిన కబురు వాళ్ల బిడ్డ ఫోన్ చేసి చెప్పింది. షెడ్డు మూసి అందరం పోయినం. స్నానం పోసినా కుడిచేతి బొటనవేలు జాజు రంగు ఇడువలె. ఏ సావుకు పోయినా నేను ఏదో ఒకటి అని నలుగురిని తేలిక చేసేటోన్ని. అలవాటు కొద్ది పనోళ్లందరు నా దిక్కు చూసిన్రు. నేను ఆ వేలు దిక్కే చూసిన.

ఇగ డబ్బీ దొరికిన దినం సుచిత్ర నుంచి నేను ఇంటికొచ్చేసరికి మామ వచ్చి ఉన్నడు, యేడాది తనిఖీకి. డబ్బీ ముచ్చట చెప్పిన. మల్ల అదే జాగల పెట్టి వచ్చిన అని చెప్పిన. ఆయన నా చెయ్యి పట్టుకొని బొటనవేలు చూసిండు. ఆ పొడి రంగు ఇంక పోలె. లేచి దర్వాజ కాడికి పోయిండు. పొద్దుగూకే ఏళ, దర్వాజ నీడల ఉన్నది. అద్దాలు పెట్టుకొని చూసిండు. అద్దాలు తీసి చూసిండు. కండ్లు మూసుకొని గోరుతోని మీదికెళ్లి కిందిదాంక గీసిండు. ఎడమ పట్టీ, కుడి పట్టీ, పై పట్టీ. ఎక్కడ ఆగలె గోరు.

"కుడిదే ముందుగాల కలిసింది" అన్నడు చివరికి. "ఆమె చెప్పిందే నిజం."

నా నోరు ఊకోదు కద. "మామా" అన్న, "సందులన్నీ పోయినయ్. ఇగ నువ్వు వచ్చి చూసేదానికి ఏం మిగులలె. వచ్చే యేడు ఏం సాకు చెప్పి వస్తవ్?"

ఆయన అద్దాలు ధోతి కొసతోని తుడిచి జేబుల పెట్టుకున్నడు.

"ఎనక అర్రకు ఇంకో దర్వాజ చెయ్యి అల్లుడా" అన్నడు. "నీ చేతి మీద నాకు పూర్తి నమ్మకం."